కొలవని దెబ్బ

మూడో సంవత్సరంలో సిగ్నల్స్ అండ్ సిస్టమ్స్ పేపరు మొదటి ఇంటర్నల్ పరీక్షలో నాకు ఇరవైకి నాలుగు మార్కులు వచ్చాయి. మా ఇంటా వంటా ఇంజనీరింగు చదివినవాళ్ళు లేరు. నాలుగంటే ఎంత తక్కువో అమ్మకు తెలియదు. తెలియనందుకు లోలోపల సంతోషించాను కూడా. "ఎలా రాశావే?" అని అడిగితే "పర్లేదమ్మా" అన్నాను.

పాఠం చెప్పే సార్ మంచివారే. బోర్డు మీద ఒక పెట్టె గీసేవారు. ఎడమ వైపు నుంచి ఒక బాణం లోపలికి, కుడి వైపు నుంచి ఒక బాణం బయటికి. లోపలికి పోయేది ఇన్‌పుట్, బయటికి వచ్చేది ఔట్‌పుట్. "పెట్టె మూత తెరవడానికి వీల్లేదు. లోపల ఏముందో బయట నుంచే తెలుసుకోవాలి. ఎలా? ఒక్క దెబ్బ వెయ్యండి. చాలా చిన్నది, చాలా చురుకైనది. దానికి పెట్టె ఎలా పలికిందో రాసుకోండి. ఇక దాని గుట్టంతా మీ చేతిలో ఉన్నట్టే" అనేవారు. దాని పేరు ఇంపల్స్ రెస్పాన్స్. మొదటి రోజే ఇంకో మాట కూడా చెప్పారు. "లోపలికి ఏం పోయిందో తెలియకుండా, బయటికి వచ్చినదాన్ని చూసి పెట్టె మీద తీర్పు చెప్పకండి." ఈ మాటను నోట్సులో రాసుకుని కింద రెండు గీతలు గీశాను. అర్థమై గీసినవి కావు. పక్కనున్న అమ్మాయి గీసిందని గీశాను.

ఆ పాఠం నాకు అర్థమైంది కాలేజీలో కాదు, అమ్మ పనిచేసే పింగాణీ ఫ్యాక్టరీలో. ఒక రోజు అమ్మ టిఫిను డబ్బా మరిచిపోతే ఇవ్వడానికి వెళ్ళాను. బట్టీలో కాలి, చల్లారి వచ్చిన ప్లేట్లు దొంతర్లుగా ఒక పొడవాటి బల్ల మీదికి వస్తాయి. దాన్ని అక్కడ మోత బల్ల అంటారు. దాని ముందు నాలుగు కుర్చీలు, నలుగురు ఆడవాళ్ళు. అమ్మ అప్పటికి పంతొమ్మిదేళ్ళుగా మూడో కుర్చీలో కూర్చుంటోంది. ఎడమ చేతి మూడు వేళ్ళ మీద ప్లేటు నిలబెట్టి, కుడి చేతిలో జానెడు చెక్కపుల్లతో అంచు మీద ఒక్కటి వేస్తుంది. ఖణేల్‌మంటే మంచిది, కుడి పక్క దొంతరలోకి. మోత చచ్చుగా వచ్చి చటుక్కున ఆగిపోతే కంటికి కనపడని వెంట్రుక బీట ఏదో ఉన్నట్టు, ఎడమ పక్క బుట్టలోకి.

డబ్బా చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాను. దెబ్బ లోపలికి, మోత బయటికి. మూత తెరవకుండా ప్లేటు గుట్టు తెలుసుకుంటోంది అమ్మ.

"ఏమే, అలా గుడ్లప్పగించి చూస్తావేం? డబ్బా ఇటివ్వు" అంది.

ఆ పేపరు చివరి పరీక్షలో నాకు తొంభై ఒకటి వచ్చాయి. ఈసారి అమ్మకు మార్కులు చెప్పాను. అవి ఎవరి వల్ల వచ్చాయో మాత్రం చెప్పలేదు. చెబితే నవ్వుతుందనుకున్నానో, ఆ బల్ల దగ్గర నేర్చుకున్నానని ఒప్పుకోవడం ఇష్టం లేకపోయిందో.

చివరి సంవత్సరం ప్రాజెక్టు దగ్గరికి వచ్చేసరికి నాకు వేరే ఆలోచనే రాలేదు. ఒక మైకు, ఒక ల్యాప్‌టాప్, రెండు దీపాలు. ప్లేటును కొట్టగానే మోతను మైకు పట్టుకుంటుంది, ప్రోగ్రాము దాన్ని చిన్న చిన్న స్వరాలుగా విడగొట్టి చూస్తుంది. మంచిదైతే పచ్చ దీపం, బీట ఉంటే ఎర్ర దీపం. గైడుగా అదే సార్ దొరికారు. ఫ్యాక్టరీ మేనేజరు గారు అనుమతి ఇచ్చారు. ఒక వారం రోజులు మోత బల్ల చివర కూర్చుని, అమ్మ చేత నాలుగు వందల ప్లేట్లు కొట్టించి రికార్డు చేసుకున్నాను. ప్రతిదానికీ అమ్మ "మంచిది" అనో "బీట" అనో చెప్పేది, నేను ఎక్కించుకునేదాన్ని. ప్రోగ్రాము ఆ నాలుగు వందల మోతల నుంచే తేడా నేర్చుకుంటుంది.

"ఒక్కో ప్లేటుకి ఒక్కటే దెబ్బ అమ్మా. అన్నిటినీ ఒకేలా కొట్టు" అన్నాను.

"ఎప్పుడూ కొట్టినట్టే కొడతాలే."

పక్క కుర్చీలో పిన్ని ఉండేది. సొంత పిన్ని కాదు. అమ్మను అక్కా అని పిలుస్తుంది కనుక నాకు పిన్ని. ఆవిడ పుల్ల ఎంత వాగుతుందో నోరు అంతకు రెండింతలు వాగుతుంది. "ఏమమ్మా ఇంజనీరమ్మా, మీ మైకమ్మకి టీ పట్టుకు రమ్మంటావా? పొద్దుట్నుంచి కుక్కిన పేనులా పడుంది పాపం!"

"అది టీ తాగదు పిన్నీ."

"తాగదా? అయితే మాకంటే నయమే. మోకాలు నొప్పి అనదు, మొగుడు తిట్టాడనదు. అక్కా, చూసుకో, నీ కుర్చీకి ఎసరు పెట్టేలా ఉంది నీ కూతురు."

అందరం నవ్వాం. అందరికంటే ఎక్కువ నేనే నవ్వాను.

తర్వాత ఇంకో వంద ప్లేట్లతో పరీక్షిస్తే, తొంభై ఆరింటికి దీపం అమ్మ చెప్పినట్టే వెలిగింది. సార్ నా రిపోర్టు చూసి భుజం తట్టారు. ఆ రిపోర్టులో "ప్లేట్లను అనుభవజ్ఞుడైన ఒక పరీక్షకుడు కొట్టాడు" అని రాశాను. అమ్మ అని రాయలేకపోయాను సరే, ఏకంగా మగవాణ్ణి చేసేశాను.

సంగతి మేనేజరు గారి దాకా పోయింది. ఆయన కాలేజీకి వచ్చి సార్ గదిలో కూర్చున్నారు. "కొట్టే పనికి మా మెకానిక్ చేత ఒక ఇనప చెయ్యి చేయిస్తాను. వినే పనికి మీ అమ్మాయి మిషను. నాలుగు కుర్చీలు ఖాళీ చేయించవచ్చు. వాళ్ళ పనులేం పోవు లెండి, ప్యాకింగుకి మారుస్తాం" అన్నారు. "వచ్చే సోమవారం మా దగ్గరే చూపించండి. బాగుంటే గురువారం పని మొదలుపెట్టిస్తాను."

యూనివర్సిటీ నుంచి వచ్చే పరీక్షాధికారిని కూడా అదే రోజు ఫ్యాక్టరీకి రమ్మందామని సార్ అన్నారు. నా వైవా అక్కడే. ఇంత మాట జరుగుతుంటే నా చెవికి తొంభై ఆరు ఒక్కటే వినిపించింది. నాలుగు కుర్చీలన్న మాట వినపడలేదని అబద్ధం చెప్పను. వినపడింది. ఆ మూడో కుర్చీ మా అమ్మదని ఆ గదిలో ఎవరికీ తెలియదు, నేనూ చెప్పలేదు.

ఇంటికొచ్చి అమ్మకు చెబితే కూరగాయలు తరుగుతూ "మంచిదేగా" అంది. తరిగినవి గిన్నెలో వేస్తూ, "ప్యాకింగులో పెట్టెలు ఎత్తాలి. నేను ఎత్తగలను. మీ పిన్ని మోకాలితోనే ఇబ్బంది" అంది. అంతే.

మర్నాడు ఫ్యాక్టరీకి వెళితే పిన్ని నన్ను చూసి జోకు వేయలేదు. అది నాకు ఎర్ర దీపంలా కనపడి ఉండాల్సింది. కనపడలేదు.

సోమవారానికి రెండు రోజుల ముందు, శనివారం మధ్యాహ్నం, మైకును మోత బల్లకు బిగించి చూసుకుంటున్నాను. అమ్మ లెక్క అప్పజెప్పడానికి ఆఫీసు గదిలోకి వెళ్ళింది. ఊరికే ఉండలేక అమ్మ పుల్ల తీసుకుని, ఆవిడ మంచివని పక్కన పెట్టిన దొంతరలోంచి ఒక ప్లేటు తీసి కొట్టాను.

ఎర్ర దీపం.

ఇంకొకటి. పచ్చ. ఇంకొకటి. ఎర్ర. మొదటిదాన్నే మళ్ళీ తీసి గట్టిగా కొట్టాను. పచ్చ! బుట్టలోంచి బీట ప్లేటు ఒకటి తీసి అంతే గట్టిగా కొట్టాను. దానికీ పచ్చే. మంచి ప్లేటును మెల్లగా తాకించాను. ఎర్ర.

రికార్డులు తెరిచాను. ఒక మంచి ప్లేటు మోత, ఒక బీట ప్లేటు మోత పక్కపక్కన పెట్టి, తెర మీది గీతల మొదలు భాగాన్ని బాగా పెద్దది చేసి చూశాను. తేడా ప్లేటు పలకడంలో కాదు, దానికి ముందే ఉంది. పుల్ల తగిలిన మొదటి క్షణంలోనే. మంచి ప్లేట్లకు ఆ గీత నిట్టనిలువుగా లేచింది. బీట ప్లేట్లకు వాలుగా లేచింది. అంటే మంచివాటిని అమ్మ చురుగ్గా కొట్టింది, బీటవాటిని మెత్తగా కొట్టింది. మెత్తగా కొడితే ఎంత మంచి ప్లేటైనా సన్నటి స్వరాలు పలకదు. నా ప్రోగ్రాము నాలుగు వందల సార్లు విన్నది ప్లేటును కాదు, అమ్మ చేతిని.

కొట్టకముందే ఏది బీటదో అమ్మకెలా తెలిసింది? అప్పుడు గుర్తొచ్చింది. దొంతరలోంచి తీసేటప్పుడు ప్రతి ప్లేటూ కింద ప్లేటుకు ఓ రవ్వంత తగులుతుంది. ఆ తగలడం వేళ్ళకు తెలిసిపోతుంది కాబోలు. పగిలేలా ఉన్నదాన్ని గట్టిగా ఎవరు కొడతారు?

లోపలికి ఏం పోయిందో తెలియకుండా తీర్పు చెప్పకండి. రెండు గీతలు గీసుకున్న మాట. పరీక్షలో ఇదే ప్రశ్న వస్తే పదికి పది తెచ్చుకున్న మాట. పుల్లకు ఒక చిన్న సెన్సారు అంటించి దెబ్బను కొలిస్తే సరిపోయేది. దెబ్బలన్నీ ఒకటేనని నేనే అనుకున్నాను, ఎందుకంటే అమ్మకు అలా చెప్పాను కనుక. చెబితే చాలనుకున్నాను.

అప్పుడే సార్‌కు ఫోను చేసి ఉండాలి. వేలు నంబరు దాకా వెళ్ళింది కూడా. వైవా వాయిదా పడితే ఆ ఏడాది పట్టా రాదు. పట్టా లేకపోతే క్యాంపస్ ఇంటర్వ్యూలో చేతికొచ్చిన ఉద్యోగం ఉండదు. పైగా సార్ భుజం తట్టిన చోటు ఇంకా వెచ్చగానే ఉన్నట్టుంది. ఫోను జేబులో పెట్టేసుకున్నాను.

అమ్మ తిరిగొచ్చింది.

"సోమవారం నువ్వే కొట్టాలమ్మా. ఎప్పటిలాగే" అన్నాను.

"నువ్వు కొడితే పలకదా?"

"నాకు అలవాటు లేదుగా."

అమ్మ నా మొహంకేసి చూసింది, బల్ల మీద నేను చిందరవందర చేసిన ప్లేట్లకేసి చూసింది. మంచి దొంతరలో దూరిన బీట ప్లేటును ఏరి తీసి బుట్టలో వేసింది. "సరేలే" అంది.

సోమవారం పొద్దున పదింటికి అందరూ వచ్చారు. సార్, పరీక్షాధికారి, మేనేజరు గారు. అరవై ప్లేట్లకు నంబర్లు వేసి కలిపి పెట్టారు. దీపం చెప్పింది ఒక కాగితం మీద రాసుకుంటూ పోవడం, తర్వాత ఆ ప్లేట్లన్నీ సిరా కలిపిన నీళ్ళలో నానబెట్టడం, బీట ఉన్నచోట సిరా దిగి నల్లగీత కనపడితే కాగితంతో పోల్చుకోవడం. ఇదీ పద్ధతి.

అమ్మ ఉతికిన ఏప్రాను కట్టుకుని వచ్చింది. పరీక్షాధికారికి నమస్కారం పెట్టింది. ఆయన "కూర్చోమ్మా" అంటే సగం కుర్చీలోనే కూర్చుంది. మా అమ్మ అని నేను చెప్పలేదు, ఆవిడా చెప్పలేదు. అమ్మ కొట్టింది. పచ్చ. పచ్చ. ఎర్ర. పచ్చ. దీపాలు వెలిగిన ప్రతిసారీ పరీక్షాధికారి తల ఊపారు. నేను మాత్రం దీపాల్ని చూడలేదు, అమ్మ మణికట్టును చూస్తూ నిలబడ్డాను. ఎర్ర దీపం రాబోయే ముందు ఆ మణికట్టు కాస్త వెనక్కి తగ్గేది. ఒక్కసారి గమనిస్తే ఇక కళ్ళు మూసుకున్నా కనపడుతుంది. ఎవరూ గమనించలేదు.

మధ్యాహ్నం ప్లేట్లు నీళ్ళలోంచి తీశారు. అరవైలో యాభై ఎనిమిది సరిపోయాయి. పరీక్షాధికారి నన్ను రెండే ప్రశ్నలు అడిగారు. రెండింటికీ తడుముకోకుండా చెప్పాను. "పుస్తకంలోది పనిలో పెట్టావు. చాలా అరుదు" అన్నారు. మేనేజరు గారు మెకానిక్‌ను పిలిచి ఇనప చెయ్యి కొలతలు తీసుకోమన్నారు. దెబ్బ ఎంత గట్టిగా ఉండాలని మెకానిక్ నన్నడిగాడు. "మామూలుగా" అన్నాను.

సాయంత్రం ఆడవాళ్ళు బట్టలు మార్చుకునే గదిలో అమ్మ ఒక్కతే ఉంది. ఏప్రాను మడతపెట్టుకుంటోంది.

"మార్కులు బాగా వేస్తారా?"

"వేస్తారమ్మా."

"ముప్పై ఏడో నంబరు ప్లేటు దగ్గర భయం వేసింది. బీట మరీ సన్నం. చెయ్యి అలవాటుగా కొంచెం చురుగ్గా పడబోయింది. పట్టి ఆపాను. లేకపోతే పచ్చ వెలిగేది."

నేను ఆవిడ మొహంకేసి చూశాను.

"ఏంటలా చూస్తావ్? నువ్వు రికార్డు చేసిన వారమే తెలిసింది నాకు. నువ్వు నీళ్ళు తాగడానికి వెళ్ళినప్పుడు ఒక మంచి ప్లేటును ఊరికే అలా తాకించాను. నీ తెర మీద గీత చచ్చినట్టు వచ్చింది. ఇదేంటి, ఇది నా చెయ్యి చూస్తోందే అనుకున్నాను. నీకు తెలుసేమో, చదువుకున్నదానివి, దానికేదో లెక్క ఉంటుందిలే అని ఊరుకున్నా. మొన్న శనివారం నీ మొహం చూశాక అర్థమైంది, తెలియదని." ఏప్రాను సంచిలో పెట్టుకుంది. "అందుకే ఇవాళ బీటవాటిని ఇంకాస్త మెత్తగా కొట్టా. గట్టెక్కావు కదా. పద, బస్సు పోతుంది."

బస్సులో అమ్మ నిద్రపోయింది. నేను కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. నేను అబద్ధం చెప్పానని నాకు తెలుసు. దాన్ని అమ్మ చేత అరవై సార్లు చెప్పించానని అప్పటిదాకా తెలియదు.

మంగళవారం, బుధవారం ఎలా గడిచాయో చెప్పలేను. బుధవారం మధ్యాహ్నం సార్ గది తలుపు కొట్టాను. కూర్చోమన్నా కూర్చోలేదు. మొత్తం చెప్పేశాను. మొత్తం అంటే, అమ్మకు తెలుసన్న ముక్క ఒక్కటి మినహా. కొట్టినావిడ మా అమ్మ అని చెప్పాను. దెబ్బ కొలవలేదని, శనివారమే తెలిసిందని, తెలిసీ సోమవారం చూపించానని చెప్పాను. "ఆవిడకు ఏమీ తెలియదు సార్. నేను కొట్టమంటే కొట్టింది" అన్నాను. అమ్మను కాపాడుతున్నాననుకున్నాను.

సార్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "మొదటి రోజు క్లాసులో ఏం చెప్పాను?"

చెప్పాను.

"నీకు నేర్పినవాణ్ణి, నేనూ అడగలేదు. తొంభై ఆరు చూసి మురిసిపోయి సంతకం పెట్టాను." కళ్ళజోడు పెట్టుకున్నారు. "నీ మార్కులు పంపకుండా ఆపేస్తాను. ఆర్నెల్ల తర్వాత మళ్ళీ చెయ్యాలి. ఉద్యోగం సంగతి నా చేతిలో లేదు. కానీ రేపు గురువారం. మేనేజరు గారికి నేను ఫోనులో చెప్పడం పద్ధతి కాదు. నువ్వే వెళ్ళి చెప్పు. నేనూ వస్తాను."

గురువారం పొద్దున వెళ్ళేసరికి మెకానిక్ మోత బల్ల ఒక చివర మరలు విప్పుతున్నాడు. నాలుగు కుర్చీల్లో రెండు గోడవారకు పెట్టేశారు. అమ్మ, పిన్ని, మిగతా ఇద్దరూ నిలబడే కొడుతున్నారు. మేనేజరు గారు వచ్చారు. అందరి ముందూ చెప్పాను. మోతలు ఒక్కొక్కటే ఆగిపోయాయి.

ఆయన నమ్మలేదు. "యాభై ఎనిమిది సరిపోయాయి కదమ్మా. నా కళ్ళతో చూశాను."

"నన్ను కొట్టనివ్వండి సార్."

పన్నెండు ప్లేట్లు కొట్టాను. అయిదు తప్పాయి. మేనేజరు గారు పుల్ల నా చేతిలోంచి లాక్కున్నట్టే తీసుకుని తనే కొట్టారు. ఆయనది బరువు చెయ్యి. అన్నిటికీ పచ్చే వెలిగింది, చివరికి సగం విరిగిన ప్లేటుకు కూడా. మెకానిక్ నవ్వు ఆపుకోలేక అటు తిరిగాడు.

"అంటే సోమవారం నాకూ, ఆ పెద్దమనిషికీ నాటకం చూపించారన్నమాట." ఆయన అమ్మ వైపు తిరిగారు. "ఏమ్మా, నీకు తెలుసా ఇది?"

"ఆవిడకు తెలియదు సార్" అన్నాను నేను, అమ్మ నోరు తెరవకముందే. "మా అమ్మకు ఇవన్నీ ఏం తెలుస్తాయి? నేను కొట్టమన్నాను, కొట్టింది. తప్పంతా నాది."

అమ్మ చేతిలోని ప్లేటును బల్ల మీద పెట్టింది. మెల్లగా పెట్టింది, చప్పుడు రాకుండా.

"తెలుసండి" అంది.

"అమ్మా..."

"నువ్వుండు." నా వైపు చూడలేదు. "ఇరవయ్యేళ్ళ నుంచీ కొడుతున్నానండి. నా చేతిలో పుల్ల ఎప్పుడు గట్టిగా పడుతుందో, ఎప్పుడు మెత్తగా పడుతుందో నాకు తెలియకుండా ఉంటుందా? ఆ మిషను నా చెయ్యి చూసి దీపం వేస్తోందని మా పిల్లకంటే ముందే నాకు తెలుసు. పిల్ల పరీక్ష కదా అని తెలిసే కొట్టాను. తెలియకుండా కొట్టేదాన్ని కాదు."

పిన్ని నోటి మీద చెయ్యి పెట్టుకుంది. సార్ నేల వైపు చూశారు. నాకు తల కొట్టేసినట్టయింది. నలుగురిలో అమ్మను కాపాడదామని నేనన్న మాట ఆవిడకు ఎలా వినిపించిందో అప్పుడు తెలిసింది. నీకు నీ పని తెలియదు అని ఆవిడ బల్ల ముందే, ఆవిడతో కలిసి కూర్చునేవాళ్ళ ముందే చెప్పాను.

మేనేజరు గారు కేకలు వేయలేదు. వేసినా బాగుండేది. మెకానిక్‌తో మరలు మళ్ళీ బిగించమన్నారు. కుర్చీలు మళ్ళీ బల్ల ముందుకు వచ్చాయి. "తెలిసీ నా ముందు నాటకం ఆడినవాళ్ళను తీర్పు చెప్పే చోట కూర్చోబెట్టలేను. ఏమీ అనుకోకమ్మా. మూడు నెలలు ప్యాకింగులో చెయ్యి. తర్వాత చూద్దాం" అన్నారు. అమ్మ "సరేనండి" అంది. పుల్లను ఏప్రాను అంచుతో ఒకసారి తుడిచి పిన్నికి ఇచ్చింది.

బయటికి వస్తుంటే పిన్ని నా వెనకే వచ్చింది. తిడుతుందనుకున్నాను. తిట్టమని నిలబడ్డాను కూడా.

"నువ్వు చెప్పకపోతే ఈ మోకాలితో నేను ఇవాళ పెట్టెలు మోస్తుండేదాన్ని. నిన్నేమనను?" అంది. "మమ్మల్ని కూర్చోబెట్టావు, మీ అమ్మని లేపావు. అదొక్కటే, తల్లీ" అంది.

ఉద్యోగం పోయింది. ఆ మరుసటి వారమే, ఆర్నెల్లకని ప్రాజెక్టు మళ్ళీ మొదలుపెట్టాను. ఈసారి పుల్ల కొసకు చిన్న సెన్సారు అంటించాను. ముందు దెబ్బను కొలుస్తుంది, తర్వాతే మోతను వింటుంది. ఇద్దరు ముగ్గురు వేరు వేరు మనుషుల చేత కొట్టించాలి కనుక మళ్ళీ ఫ్యాక్టరీకి వెళ్ళాల్సి వచ్చింది. మేనేజరు గారు పనివేళ అయిపోయాక అరగంట ఇచ్చారు. అది అడగడానికి వెళ్ళిన రోజు ఆయన మొహంలోకి చూడలేక టేబులు మీది పేపర్‌వెయిట్‌ను చూస్తూ మాట్లాడాను.

మొదటి రోజు పని ముగించుకుని ప్యాకింగు గదికి వెళ్ళాను. పనివేళ దాటినా అమ్మ ఇంకా గడ్డి పరిచిన పెట్టెలో ప్లేట్లు పేరుస్తోంది. పక్కనున్న ఆవిడ గడ్డి ఎలా మెలిపెట్టాలో చూపిస్తుంటే శ్రద్ధగా చూసి అలాగే చేస్తోంది. ఆ చేతులు కొత్తగా పనిలో చేరిన మనిషి చేతుల్లా తడబడుతున్నాయి. నన్ను చూసి కూడా పని ఆపలేదు.

"కోపంగా ఉందామ్మా?"

"ఎందుకు? నిజం చెప్పినందుకా?" ఇంకో ప్లేటు పెట్టింది. "నువ్వు చెప్పడం మంచిదే. నేనైతే చెప్పేదాన్ని కాదేమో. కానీ వెళ్ళే ముందు నాతో ఒక్క మాట అనాల్సింది. నేనూ నీతో వచ్చేదాన్ని. నా నోటితో నేనే చెప్పుకునేదాన్ని." గొంతు పెంచలేదు. "నాకేమీ తెలియదని చెప్పావు చూడు, మీ సార్ ముందు. బుధవారం ఆయన గదిలోనూ అదే అన్నావట, ఆయనే చెప్పారు."

గడ్డి గుప్పెడు తీసుకుని మెలిపెట్టబోయాను, నాకు కుదరలేదు. చదువుకున్నదాన్ని, వైవాలో తడుముకోనిదాన్ని.

"తప్పయిందమ్మా" అన్నాను చివరికి.

అమ్మ చివరి ప్లేటు పెట్టింది. పెట్టె నిండింది. మూత వేసి, తాడు కట్టి, వంగి ఒక కొస పట్టుకుంది. గడ్డి మెలిపెట్టడం చూపించినావిడ ఈలోగా ఇంటికి వెళ్ళిపోయింది, రెండో కొస పట్టుకోవడానికి ఎవరూ లేరు. సంచి గోడకు ఆనించి, నేను వెళ్ళి ఆ రెండో కొస పట్టుకున్నాను.

"నడుంతో ఎత్తకు, మోకాళ్ళు వంచి ఎత్తు" అంది అమ్మ. "నాకు కూడా నిన్ననే చెప్పారు."